బ్యాంకాక్‌లో ఒక్క రోజు: టాక్సీ లేకుండా తిరగడం గురించి

బ్యాంకాక్‌లో ఒక్క పగలే ఉంటామని, టాక్సీలకే డబ్బంతా అయిపోతుందేమోనని, పైగా శాకాహారులమని రాశారు. పాత నగరంలో చూడదగినవి చాలావరకు చావో ఫ్రాయా నది పక్కనే ఉన్నందువల్ల మీకు టాక్సీ అవసరం రాదు. ఉదయాన్నే బీటీఎస్ అనే నగర రైలులో సఫాన్ తక్సిన్ స్టేషన్‌కు చేరి, పక్కనే ఉన్న సాథోన్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కండి. పర్యాటకుల కోసం నడిపే నీలి జెండా పడవకు టికెట్ ఎక్కువ. థా చాంగ్ రేవులో దిగితే రాజప్రాసాదం నడక దూరమే. అయితే దాని ప్రవేశ రుసుము 500 బాత్‌లు (థాయ్ కరెన్సీ) కనుక, నేనైతే దానిని వదిలి, 46 మీటర్ల శయన బుద్ధుడున్న వాట్ ఫో ఆలయానికి వెళ్తాను. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి.

దారిలో ఎవరైనా "ఈరోజు ప్రాసాదం మూసేశారు" అంటూ చవకగా టుక్‌టుక్ (ఆటో) ఎక్కమంటే నమ్మవద్దు, అది మిమ్మల్ని రత్నాల దుకాణానికి చేర్చే పాత ఎత్తుగడ. వాట్ ఫో దగ్గరి థా తియన్ రేవు నుంచి అతి తక్కువ ఛార్జీతో పడవలో నది దాటితే ఎదురుగా వాట్ అరుణ్ ఆలయం ఉంటుంది.

భోజనానికి, మాంసం వద్దని చెప్పినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే మామూలు కూరల్లోనూ చేపల సాస్ వేస్తారు. పసుపు జెండాపై ఎర్రని థాయ్ అక్షరాలతో "జే" (పూర్తి శాకాహారం) అని రాసిన దుకాణాలను వెతకండి, అక్కడ గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.