యుద్ధ వ్యతిరేక ప్రకటన, జైల్లోని రచయిత కోసం అర్జీ: సాహితీ సంస్థలు చూసుకోవాల్సినవి

యుద్ధాన్ని ఖండిస్తూ, జైల్లో ఉన్న రచయితల విడుదల కోరుతూ సంస్థ తరఫున ఒక ప్రకటన ఎలా రాయాలని అడిగారు. ముందు ఆ రెండింటినీ విడదీయండి. ఒకే కాగితంలో పెడితే దేనికీ బలం ఉండదు.

యుద్ధం మీద రాసేటప్పుడు, అణ్వాయుధాల ప్రమాదాన్ని హెచ్చరించిన 1955 నాటి రసెల్-ఐన్‌స్టీన్ ప్రకటన చదవండి. సంతకాలు 11 మాత్రమే. సాహిత్యంలో నోబెల్ పొందిన బ్రిటిష్ తత్వవేత్త రసెల్, కమ్యూనిస్టు అయిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త జోలియో క్యూరీ చేతా, ఆ రాజకీయాలు గిట్టనివాళ్ల చేతా ఒకే పాఠం మీద సంతకం పెట్టించాడు. ఏ పక్షాన్నీ వెనకేసుకురాని ప్రకటన కాబట్టే అది సాధ్యమైంది. జోలియో క్యూరీకీ, సంతకం చేసిన మరో శాస్త్రవేత్త ముల్లర్‌కూ కొన్ని మాటల మీద అభ్యంతరం వచ్చింది. అప్పటికే ఐన్‌స్టీన్ సంతకం చేసి కన్నుమూశారు. అందుకే పాఠం జోలికి పోకుండా వాళ్ల మాటలను అడుగున గమనికలుగా అచ్చువేశారు. మీకూ ఇదే దారి. సంతకాలు మొదలయ్యాక ఒక్క మాట మార్చినా మళ్లీ అందరికీ పంపాల్సిందే. ఫోన్లో "నా పేరు పెట్టేయండి" అంటే చాలదు. తుది పాఠం పంపి, "సమ్మతం" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. మర్నాడు ఒక్కరు "నాకు తెలియదు" అన్నా మిగతా సంతకాలన్నిటి విలువా పోతుంది.

జైల్లో ఉన్నవారి విషయం వేరు. అక్కడ ఆవేశం కన్నా వివరాలు పనికొస్తాయి: అరెస్టు తేదీ, సెక్షన్లు, జైలు పేరు, అనారోగ్యం, చివరిసారి వైద్యం అందిన తేదీ. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలుగులోనే రాయవచ్చు, రుసుము లేదు. ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. గడువు దాటితే మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36(2) సెక్షన్ కింద విచారణకు తీసుకోరు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్నీ తీసుకోరు కాబట్టి రెండు చోట్లా పెట్టకండి. అర్జీ వీగిపోయే చోటు ఇంకొకటి ఉంది. "కేసు అబద్ధం" అని రాస్తే, అది కోర్టు పరిధిలో ఉందని పక్కన పెట్టేస్తారు. వైద్యం, ములాఖత్, పుస్తకాలు, రాసుకోవడానికి కాగితం: నిర్బంధంలో ఆయనకు అందనిదేమిటో అది అడగండి.

పంపేముందు కుటుంబానికీ, వకీలుకూ తప్పనిసరిగా చూపించండి. మనం అభిమానంతో రాసిన వాక్యమే బెయిల్ విచారణలో ఆయనకు ఎదురు తిరగవచ్చు. వద్దన్న వాక్యాన్ని వాదించకుండా తీసేయండి.