లైపోసక్షన్ అయి 12 రోజులు.. పొట్ట తగ్గకపోగా ఇంకా లావైందేంటి?

ప్రశ్న: నా వయసు 36. 12 రోజుల కిందట పొట్టకి, నడుము పక్కలకి లైపోసక్షన్ (చర్మం కింది కొవ్వుని గొట్టంతో లాగేసే ఆపరేషన్) చేయించుకున్నాను. పొట్ట ఆపరేషన్‌కి ముందుకన్నా లావుగా కనిపిస్తోంది, బరువు కూడా తగ్గలేదు. చర్మం కింద అక్కడక్కడా గడ్డల్లా చేతికి తగులుతున్నాయి, బొడ్డు చుట్టూ స్పర్శ తెలియడం లేదు. ఇంట్లోవాళ్లు వేడి కాపడం పెట్టమంటున్నారు. ఆపరేషన్ తర్వాత పొట్ట, నడుము చుట్టూ వేసుకోమన్న బిగుతు గార్మెంట్ వేసుకుంటే ఊపిరాడనట్టుంది, తీసేయొచ్చా? డబ్బులు దండగయ్యాయేమో, మళ్లీ చేయించుకోవాలేమోనని టెన్షన్‌గా ఉంది. - ఓ పాఠకురాలు

డాక్టర్ సలహా: మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఊపిరాడకపోవడం సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావాటికి కాస్త ఆలస్యమైనా పర్వాలేదు, దీనికి ఆలస్యం పనికిరాదు. మంచం మీద కూర్చుని గార్మెంట్ విప్పి చూడండి. విప్పగానే హాయిగా అనిపిస్తే అది మరీ బిగుతైందన్నమాట, సర్జన్‌కి చెప్పి సైజు మార్పించుకోండి. విప్పినా ఆయాసం అలాగే ఉంటే, లేదా దానికి ఛాతీనొప్పి, గుండెదడ, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టడం తోడైతే, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరినప్పుడు ఇలాగే మొదలవుతుంది. అరుదే, కానీ ప్రాణం మీదకి తెస్తుంది, ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాలు దీని మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

అదేమీ లేదని తేలితే, మీరు రాసిన మిగతావన్నీ ఈ సమయానికి చాలామందిలో కనిపించేవే. కొవ్వు తీసేముందు చర్మం కింద సెలైన్‌లో మత్తుమందు, రక్తం పోకుండా ఎడ్రినలిన్ కలిపి నింపుతారు, ఒక్కోసారి లీటర్ల కొద్దీ. తర్వాత చిన్న గాట్లలోంచి సన్నటి గొట్టం దూర్చి, ముందుకీ వెనక్కీ ఆడిస్తూ కొవ్వు లాగేస్తారు. పైకి కనిపించేవి చిన్న చిన్న గాట్లే, లోపలి గాయం మాత్రం పొట్టంతా పరుచుకుని ఉంటుంది, ఆ గాయానికి తగ్గట్టే వాపూ వస్తుంది. మొదటి ఒకటి రెండు రోజులు గాట్లలోంచి ఎర్రటి నీళ్లు కారి దుప్పటి తడిసిపోతే రక్తమంతా పోతోందని హడలిపోతారు గానీ అందులో ఎక్కువభాగం లోపల నింపిన ఆ నీరే. మిగిలిన నీరు, వాపు మెల్లగా ఇంకాలి. అందుకే మొదట్లో బరువు తగ్గకపోగా కాస్త పెరిగినట్టు కూడా చూపించొచ్చు, వేయింగ్ మెషిన్‌ని కొన్నాళ్లు మంచం కిందకి తోసేయండి. అసలు లైపోసక్షన్ బరువు తగ్గించే ఆపరేషన్ కాదు, ఆకారం సరిచేసేది, ఈ ముక్క ఆపరేషన్‌కి ముందే మీకు గట్టిగా చెప్పి ఉండాల్సింది.

వాపు మొదటి వారం పది రోజుల్లో ఎక్కువగా ఉండి, చాలావరకు ఆరు వారాలకల్లా దిగుతుంది, పూర్తిగా పోయి అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఈ దిగడం కూడా తిన్నగా ఉండదు, పొద్దున లేచేసరికి బాగానే ఉంటుంది, సాయంత్రానికి మళ్లీ బిగుతుగా అనిపిస్తుంది. నీరు కిందకి జారుతుంది కాబట్టి పొట్టకి చేయించుకున్నవాళ్లకి జననాంగాల దగ్గర, తొడల పైభాగంలో వాపు వచ్చి కమిలి నీలంగా మారుతుంది, చెప్పుకోవడానికి సిగ్గుపడి లోలోపల భయపడుతుంటారు. కమిలిన రంగు మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో పోతుంది.

చేతికి తగిలే గడ్డలు లోపలి గాయం మానుతున్న కణజాలం. రెండో మూడో వారంలో ఇంకా గట్టిపడొచ్చు కూడా, ఆ తర్వాత నెలల మీద మెత్తబడతాయి. అయితే ఒకచోట మాత్రమే ఉబ్బి, చేత్తో నొక్కితే నీళ్ల బెలూన్‌లా అటూ ఇటూ కదులుతుంటే అక్కడ నీరు నిలిచి ఉండొచ్చు, సర్జన్‌కి చూపిస్తే అవసరమైతే సిరంజీతో తీసేస్తారు. మీ అంతట మీరు నొక్కి, పిసికి కరిగించాలని చూడొద్దు, మసాజ్ కావాలంటే సర్జన్ చెప్పాక, అది తెలిసినవాళ్ల చేతే.

వేడి కాపడం మాత్రం వద్దే వద్దు. చర్మానికి స్పర్శ ఇచ్చే సన్నటి నరాలు ఆపరేషన్‌లో దెబ్బతింటాయి, అవి కోలుకోవడానికి వారాల నుంచి నెలలు పడుతుంది, అప్పటిదాకా చర్మం కాలుతున్నా మీకు తెలియదు. హీటింగ్ ప్యాడ్ పెట్టుకుని నిద్రపోతే లేచేసరికి బొబ్బలు ఉంటాయి, నొప్పి ఉండదు. ఐస్ కూడా నేరుగా చర్మానికి పెట్టకూడదు. ముందుముందు అక్కడ సూదులు గుచ్చినట్టు, దురద పెట్టినట్టు అనిపిస్తే కంగారుపడకండి, స్పర్శ తిరిగి వస్తోందన్నమాట.

ఇక గార్మెంట్. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు వేసుకోమంటారు, మీ సర్జన్ ఎన్నాళ్లు చెప్పారో అన్నాళ్లు వేసుకోండి. బిగుతుగా ఉండాలి గానీ నలిపేయకూడదు, వేసుకున్నాక తిమ్మిరి, కొత్త నొప్పి రాకూడదు. చాలామంది చూసుకోని విషయం ఒకటుంది: కూర్చున్నప్పుడు అది నడుము దగ్గర మడతపడుతుంది, ఆ మడత అలాగే రోజుల తరబడి ఉంటే వాపు మీద గాడి పడుతుంది. కూర్చున్న ప్రతిసారీ వేళ్లతో సాపు చేసుకోండి. మొదటి రోజుల్లో దాన్ని నిలబడి ఒక్కసారిగా విప్పితే కళ్లు తిరిగి పడిపోవచ్చు, కూర్చునే విప్పాలి, పక్కన ఎవరైనా ఉంటే మంచిది.

రోజూ నెమ్మదిగా నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అదే కాపాడుతుంది. కూర్చుని చేసే ఉద్యోగానికి చాలామంది వారంలోపే వెళ్లిపోతారు. బరువులు, పరుగు, జిమ్ మాత్రం నాలుగు నుంచి ఆరు వారాల దాకా ఆగాలి, సర్జన్ సరేనన్నాకే. గాట్లు పూర్తిగా మానేవరకు టబ్‌లో, పూల్‌లో దిగొద్దు. సిగరెట్ అలవాటుంటే గాయం మానడం ఆలస్యమవుతుంది.

ఏది మామూలు, ఏది కాదు అన్నది ఎలా తెలుసుకోవాలంటే, పోయిన వారంతో పోల్చుకోండి. నొప్పి, వాపు మొత్తమ్మీద తగ్గుతూ వస్తుంటే పర్వాలేదు. తగ్గిన నొప్పి మళ్లీ పెరిగినా, ఒకవైపే వాచి ఎర్రబడి వేడిగా ఉన్నా, ఆ ఎరుపు పాకుతున్నా, గాట్లలోంచి చీము, దుర్వాసన వచ్చినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అదే రోజు ఫోన్ చేయండి. కడుపులో భరించలేని నొప్పి, ఆగని వాంతులు, మాట తడబడి అయోమయంగా మారడం ఇవన్నీ ఎమర్జెన్సీలే, తెల్లారేదాకా చూడకూడదు.

మళ్లీ చేయించుకోవడం గురించి ఇప్పుడు ఆలోచించాల్సిన పనే లేదు. వాపు మీద అంచనా వేసి ఎవరైనా ఇప్పుడే టచప్ చేస్తామంటే ఒప్పుకోకండి, కనీసం ఆరు నెలలు ఆగాలి. ఆపరేషన్‌కి ముందు తీసిన ఫొటోలు మీ సర్జన్ దగ్గర ఉంటాయి, మూడో నెలలో, ఆరో నెలలో అదే వెలుతురులో, అలాగే నిలబెట్టి ఫొటో తీయమని అడిగి, పక్కపక్కన పెట్టి ఆయనతోనే మాట్లాడండి.