అమ్మానాన్నలను ఆల్ప్స్ రైలెక్కించే ముందు

చి. అమ్మలుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రయాణ పట్టిక నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. తొమ్మిది రాత్రులు, ఏడు ఊళ్ళు: జూరిక్, లూసర్న్, ఇంటర్లాకెన్, జెర్మాట్, సెయింట్ మోరిట్జ్, తిరానో, మిలాన్. ప్రతి బండికీ ఎదురుగా రాసుకున్న గంటలూ నిమిషాలూ చూస్తే నువ్వెంత శ్రద్ధ పెట్టావో తెలుస్తోంది. కానీ ఆ పట్టికలో మీ అమ్మ మోకాళ్ళు ఎక్కడా కనబడలేదు. రోజు విడిచి రోజు సామాను సర్దుకోవడం, కొత్త గది వెతుక్కోవడం, అక్కడి మంచం అలవాటు పడేలోగా మళ్ళీ బయలుదేరడం. నా చెల్లెలు నోరు విప్పి వద్దని చెప్పదు, నీ సంతోషం కోసం నడుస్తుంది. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఉత్తరం రాస్తున్నాను.

మీ అన్నయ్య జూరిక్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో మేము నాలుగుసార్లు వెళ్ళాం. మొదటిసారి మేమూ ఊళ్ళు లెక్కపెట్టుకుంటూనే తిరిగాం. ఇంటికొచ్చాక కళ్ళు మూసుకుంటే ప్లాట్‌ఫారం గడియారాలే కనిపించాయి. రెండోసారి నుంచి బస చేసే ఊళ్ళు తగ్గించి, ఉదయం చేతిసంచితో రైలెక్కి సాయంత్రానికి అదే గదికి వచ్చేలా చూసుకున్నాం. స్విట్జర్లాండ్‌లో రైలు ఒక ఊరి నుంచి మరో ఊరికి చేర్చే వాహనం మాత్రమే కాదు తల్లీ. చూడవలసినవి చాలావరకు దాని కిటికీలోంచే కనబడతాయి.

నా మాట వింటే ఇలా చెయ్యి. జూరిక్‌లో దిగగానే రెండు గంటల ప్రయాణంతో ఇంటర్లాకెన్ చేరండి, అక్కడ నాలుగు రాత్రులు. తరువాత కూర్ పట్టణంలో మూడు రాత్రులు, ఇటలీ వైపున్న చిన్న ఊరు పొస్కియావోలో ఒకటి, మిలాన్‌లో ఒకటి. తిరుగు విమానం మిలాన్ నుంచే ఎక్కితే వెనక్కి రావలసిన పని ఉండదు. జెర్మాట్ తీసెయ్యి. దానితోపాటు గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ కూడా. మంచి బండి కాదని కాదు, 1930 నుంచి నడుస్తున్న పేరున్న బండి, 291 వంతెనలు దాటుతుంది. కానీ జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా దాదాపు ఎనిమిది గంటలు ఒకే సీటులో కూర్చోవాలి. మీ నాన్నగారు రెండో గంటకే లేచి నిలబడతారు.

ఇంటర్లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రావ్‌యోక్ గురించి అడిగావు. 3,454 మీటర్ల ఎత్తులో స్టేషన్, 1912లో తెరిచారు, ఆ కాలంలో కొండను తొలిచి అంత పైకి పట్టాలు వేయడం నిజంగా గొప్ప పనే. అయితే చివరి రైలు మార్గం తొమ్మిది కిలోమీటర్లకు పైగా ఉంటే అందులో ఏడు సొరంగమే. టికెట్టు చాలా ఖరీదు, పైన గాలి పలచన. మీ అమ్మకు నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం వస్తోంది కదా. దానికి బదులు లౌటర్‌బ్రున్నెన్ నుంచి వెంగెన్ మీదుగా క్లైన షైడెగ్ వరకు పళ్ళచక్రాల బండిలో వెళ్ళి, గ్రిండెల్‌వాల్డ్ వైపు దిగండి. క్లైన షైడెగ్ 2,061 మీటర్లు. ఐగర్ శిఖరం ఉత్తరపు గోడ నేరుగా ఎదురుగా నిలబడి ఉంటుంది, బల్ల మీద కూర్చుని చూడవచ్చు. నాకు అదే చాలనిపించింది. నువ్వు మాత్రం పైదాకా వెళ్ళాలనుకుంటే ఒక ఉదయం ఒంటరిగా వెళ్ళు. టికెట్టు కొనే ముందు పైనున్న కెమెరా దృశ్యం ఫోనులో చూసుకో. మబ్బు పట్టి ఉంటే ఆ డబ్బు మంచుపొగకు పోసినట్టే.

ఇంకో జాగ్రత్త. ఇంటర్లాకెన్ ఓస్ట్ స్టేషన్‌లో లౌటర్‌బ్రున్నెన్‌కూ గ్రిండెల్‌వాల్డ్‌కూ ఒకే బండి బయలుదేరి, ట్స్వైలూచినెన్‌లో రెండుగా విడిపోతుంది. మేము మొదటిసారి చూసుకోకుండా ఎక్కి వేరే లోయకు వెళ్ళిపోయాం. బోగీ మీద ఊరి పేరు రాసి ఉంటుంది, అది చదివాకే అమ్మను ఎక్కించు. బండ్లు మారడానికి ఐదారు నిమిషాలే ఉన్నా కంగారు పడవద్దు. చాలాచోట్ల తరువాతి బండి అరగంటకో గంటకో ఉంటుంది. పోతే పోయిందని కాఫీ తాగండి. అమ్మను మాత్రం ప్లాట్‌ఫారం మీద పరుగెత్తించకు.

ఇంటర్లాకెన్ నుంచి కూర్ వెళ్ళేది మారే రోజే అయినా వృథా కాదు. బ్రూనిగ్ కనుమ మీదుగా లూసర్న్ వెళ్ళే బండి ఎక్కండి. బయలుదేరగానే కుడివైపు బ్రీన్జ్ సరస్సు వస్తుంది, ఆ నీటి రంగు నమ్మశక్యం కాదు. లూసర్న్‌లో సూట్‌కేసులు లాకర్లో పెట్టి, పాత చెక్క వంతెన చూసి, భోజనం చేసి, టాల్‌విల్‌లో బండి మారి కూర్ చేరండి. ఈ ముక్కలో ఎడమవైపు కూర్చుంటే వాలెన్‌జే సరస్సు కనబడుతుంది. అరకు బండిలో ఏ వైపు సీటు దొరికిందన్నది ఎంత ముఖ్యమో నీకు తెలుసు. ఇక్కడా అంతే.

కూర్ పేరు నీ పట్టికలో లేదు, చాలామంది పట్టికల్లో ఉండదు. నాకు మాత్రం ఆ ఊరంటే ప్రాణం. 585 మీటర్ల ఎత్తులో, చిన్న పాత పట్టణం, గదులు సెయింట్ మోరిట్జ్ అంత ఖరీదు కావు. అక్కడి నుంచి ఎర్రటి చిన్న రైళ్ళు మూడు వైపులకు కొండల్లోకి వెళతాయి. ఒకటి అరోసా వెళ్ళేది. స్టేషన్ ముందు నుంచి ఊరి వీధిలోనే, కార్ల పక్కన, మెల్లగా నడిచి కొండ ఎక్కడం మొదలుపెడుతుంది, గంటలో అరోసా చేరుస్తుంది. రెండోది డిసెంటిస్ వైపు. ఈ దారిలో ఇలాంజ్ దాకా వెళ్ళి వచ్చినా చాలు, రైన్ నది తెల్లటి రాతిగోడల మధ్య కోసుకుపోయిన లోయ అడుగునే బండి నడుస్తుంది. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ వెళ్ళేదీ ఇదే పట్టాల మీద. అరరోజులో అందులోని మేలైన భాగం ఒకటి చూసి, మధ్యాహ్నం అమ్మను పడుకోబెట్టవచ్చు.

మూడోది, మీ ప్రయాణంలో అసలైనది, ఆల్బులా, బెర్నీనా కనుమల దారి. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. టూసిస్ నుంచి తిరానో దాకా 122 కిలోమీటర్లలో 196 వంతెనలు, 55 సొరంగాలు. నువ్వు రాసుకున్న బెర్నీనా ఎక్స్‌ప్రెస్ ఈ పట్టాల మీదే వెళుతుంది. పెద్ద పెద్ద అద్దాల బోగీలు, అందంగానే ఉంటుంది. కానీ స్విస్ ట్రావెల్ పాస్ (రోజుల లెక్కన ఒకేసారి కొనే టికెట్టు) ఉన్నా సీటుకు విడిగా డబ్బు కట్టాలి, ఆ అద్దాలు తెరుచుకోవు, ఫొటోల్లో మన ముఖాలే ప్రతిఫలిస్తాయి, దారిలో నచ్చినచోట దిగి తరువాతి బండి ఎక్కుదామంటే కుదరదు. అదే పట్టాల మీద మామూలు బండ్లు గంటకొకటి చొప్పున నడుస్తాయి. రిజర్వేషన్ అక్కరలేదు. కొన్ని బోగీల్లో కిటికీ కిందికి దింపుకోవచ్చు. నేను రెండూ ఎక్కాను, మళ్ళీ వెళితే మామూలు బండే ఎక్కుతాను.

కూర్‌లో ఎక్కగానే కుడివైపు కూర్చోండి. ఫిలిసూర్ స్టేషన్‌కు కాస్త ముందు లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. 1902లో రాతితో కట్టారు, 65 మీటర్ల ఎత్తు, 136 మీటర్ల పొడవు, ఆరు కమానులు. వంతెన వంపు తిరిగి ఉంటుంది కాబట్టి కుడి కిటికీలోంచి మన బండి ఇంజనే మనకు కనిపిస్తుంది. అవతలి ఒడ్డున నేల ఉండదు, నిటారుగా కొండ. బండి వంతెన దిగకుండానే ఆ రాతిలో దూరిపోతుంది. అంతా అర నిమిషం. ఫోను సర్దుకుంటూ కూర్చుంటే అయిపోతుంది, అందుకని ఈ వంతెనను ఫోనుతో కాక కళ్ళతో చూడమని అమ్మకు చెప్పు.

బెర్గ్యూన్ దాటాక మరో అద్భుతం. అక్కడి నుంచి ప్రేడాకు 416 మీటర్లు పైకెక్కాలి, లోయ చూస్తే ఇరుకు. అందుకని పట్టాలను కొండలో సుళ్ళు తిప్పారు. సొరంగంలోకి వెళ్ళి బయటికొస్తే ఇందాకటి వంతెన కాళ్ళ కింద ఉంటుంది. మీ నాన్నగారు ఇంజనీరు, ఆయన చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వు. మీ పెదనాన్న ఆ దారి బొమ్మ గీసుకుంటూ గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

సెయింట్ మోరిట్జ్‌లో బండి మారి బెర్నీనా దారి పట్టండి. ఇది 1910లో పూర్తయింది, తిరానోకు 61 కిలోమీటర్లు. పళ్ళచక్రం సాయం లేకుండా వంద మీటర్లకు ఏడు మీటర్లు ఎక్కుతుంది. ఇక్కడా కుడివైపే. కనుమ మీద ఓస్పిత్సియో బెర్నీనా స్టేషన్ 2,253 మీటర్లు. అక్కడ పక్కపక్కనే రెండు సరస్సులు ఉంటాయి. లేయ్ నైర్ అంటే నల్ల సరస్సు, లాగో బియాంకో అంటే తెల్ల సరస్సు. హిమానీనదం కరిగి తెచ్చే పిండిలాంటి మట్టి వల్ల రెండోదానికి ఆ పాల రంగు. నల్లదాని నీళ్ళు ఇన్ నది, డాన్యూబ్ మీదుగా నల్ల సముద్రంలో కలుస్తాయి. తెల్లదాని నీళ్ళు పో నదిలోకి దిగి ఆడ్రియాటిక్ చేరతాయి. రెండింటి మధ్య ఉన్నది సన్నటి గట్టు. నేను ఆ గట్టును చూసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

తరువాతి స్టేషన్ ఆల్ప్ గ్రూమ్. అక్కడ దిగండి, మరిచిపోవద్దు. ఆ చోటికి మోటారు రోడ్డు లేదు, రైలొకటే దారి. ఎదురుగా పాలూ హిమానీనదం, కింద లోతుగా పొస్కియావో లోయ. గోడ వారన కూర్చుని ఉదయం కలిపి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఎండ వీపుకు తగులుతుంటే, మంచు మీద నుంచి వచ్చే గాలి ముఖానికి కొడుతుంటే, ఆ చింతపండు పులుపు ఇంకా నాలుక మీద ఉంది. గంట తరువాత వచ్చిన బండి ఎక్కి దిగిపోయాం. చిన్న స్టేషన్లలో కొన్నిచోట్ల మీట నొక్కితేనే బండి ఆగుతుంది, అది గమనించుకో.

పొస్కియావోలో రాత్రి ఉండమన్నది ఊరి చౌరస్తా కోసం. మాట ఇటాలియన్‌కు మారిపోతుంది, కూర్ వైపు కన్నా అంతా నెమ్మది. మర్నాడు బ్రూసియో దగ్గర బండి ఆరుబయట రాతి వంతెన మీద గుండ్రంగా తిరిగి, తన కమాను కిందనుంచి తానే దూరి వెళుతుంది. తిరానోలో చర్చి ముందున్న చౌరస్తాను ట్రాములా దాటుతుంది. తిరానో ఎత్తు 429 మీటర్లే. కనుమ దగ్గర స్వెట్టర్లు, శాలువా కావాలి, కిందికొచ్చేసరికి చెమట పడుతుంది. శాలువా సూట్‌కేసులో కాదు, చేతిసంచిలో పెట్టు. అక్కడి నుంచి మిలాన్ రెండున్నర గంటలు. కుడివైపు కోమో సరస్సు. స్విస్ పాస్ తిరానో వరకే పనికొస్తుంది, ఇటలీ బండికి వేరే టికెట్టు కొనాలి. కాగితం టికెట్టయితే ఎక్కేముందు స్టేషన్‌లోని యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మేము వేయించుకోకపోతే జరిమానా పడింది.

పాస్ విషయానికొస్తే, అందరూ కొంటున్నారని స్విస్ ట్రావెల్ పాస్ కొనవద్దు. ముందు నీ దారి మొత్తానికి టికెట్లు కూడి చూడు. హాఫ్ ఫేర్ కార్డు నెల రోజులు చెల్లుతుంది, కొండ రైళ్ళతో సహా దాదాపు అన్నిటా సగం ధర. పాస్‌కు వెంగెన్, గ్రిండెల్‌వాల్డ్ దాటి పైకి వెళితే రాయితీ మాత్రమే దొరుకుతుంది. మీలా ఒకచోట ఉండి తిరిగేవాళ్ళకు కార్డే లాభించవచ్చు. లెక్క వేసి నాకు పంపు, నేనూ చూస్తాను.

ఎప్పుడంటే సెప్టెంబరు రెండో సగం. జూలై, ఆగస్టు జనం. నవంబరులో కేబుల్ కార్లు చాలావరకు మరమ్మతులకు ఆపేస్తారు. వీసా ఎక్కువ రాత్రులు ఉండే దేశానికే అడగాలి కాబట్టి మీది స్విట్జర్లాండ్‌కే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, చివరి నెల దాకా ఆగవద్దు. 30,000 యూరోలకు తగ్గని బీమా తప్పనిసరి.

గది తీసుకునేటప్పుడు వంటిల్లు ఉన్నది చూడు. బియ్యం, పెరుగు అక్కడ కొట్లలో దొరుకుతాయి, ఆదివారం మాత్రం స్టేషన్ కొట్లు తప్ప మిగతావి మూసి ఉంటాయి. కందిపొడి, పచ్చళ్ళు పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు తీసుకెళ్ళడం నిషేధం, మీ అమ్మ ఎంత బతిమాలినా పెట్టనివ్వకు. వీధి పంపుల నీళ్ళు తాగవచ్చు, ‘కైన్ ట్రింక్‌వాసర్’ (తాగే నీళ్ళు కావు) అని బోర్డు ఉన్నచోట తప్ప. మనిషికొక చిన్న సూట్‌కేసు, మీ అమ్మ చేతిలో ఏమీ ఉండకూడదు.

పట్టిక మార్చి రాసి పంపు. పులిహోర పేస్టు సీసా బయలుదేరే వారం ముందు నేనే చేసి పంపిస్తాను, ఆవ కొంచెం ఎక్కువ వేసి, మీ నాన్నగారికి ఇష్టమైనట్టు.

మీ పెద్దమ్మ