గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా ఒడ్డు వెంట నడిచే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నవంబరులో స్నేహితులతో కలిసి ఒడిశాలోని గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ దాకా ఒడ్డు పట్టుకుని నడుస్తామని రాశావు. సంతోషం. ఉత్తరాన రుషికుల్య నది వైపు వెళ్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకు. అటు పోర్టు కట్టడాలు, సైన్యం వారి ఫైరింగ్ రేంజి అడ్డం వస్తాయి. దక్షిణం దారి సుమారు ఇరవై కిలోమీటర్లు, చాలా భాగం ఇసుకే. పైగా నవంబరులో ఈశాన్యపు గాలి, అది మీ వీపున ఉంటుంది. అదే ఎండాకాలమైతే నైరుతి గాలి ఇసుకను తెచ్చి మొహాన కొడుతుంది కాబట్టి సోనాపూర్ నుంచే బయల్దేరమనేవాణ్ణి.

రోజును సెలవు చూసి కాదు, తిథి చూసి ఎంచుకో. మన తీరంలో పున్నమికీ అమావాస్యకీ ఉదయం సుమారు తొమ్మిదింటికి పోటు నిండుగా ఉంటుంది. రోజుకు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ అష్టమి నాటికి అదే వేళకు పాటు పడుతుంది, అంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గి ఉంటాయి. నీకు కావలసింది ఆ అష్టమి, నవములు. ఆరింటికి బయల్దేరితే, నీళ్లు వెనక్కి తగ్గేటప్పుడు మూడు గంటలు, మళ్లీ ఎక్కేటప్పుడు మూడు గంటలు తడిసి గట్టిపడ్డ ఇసుక దొరుకుతుంది. ఆ ఇసుక మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడవచ్చు. పైనున్న పొడి ఇసుకలో రెండు దాటడమే కష్టం, పిక్కలు పట్టేస్తాయి. కచ్చితమైన సమయాలకు ఆ వారం పోటుపాట్ల పట్టిక చూడు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఇస్తారు.

ఇక వాతావరణం. అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతానికి తుపానుల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ముందురోజు సాయంత్రం వాతావరణ శాఖ బులెటిన్ చూడు. అల్పపీడనం అన్న మాట కనబడితే ప్రయాణం మానుకో. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక పెట్టినా అంతే. వాయుగుండం ఎంత దూరాన ఉన్నా దాని కెరటాలు ముందుగానే వచ్చేస్తాయి. ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, నీళ్లు మాత్రం పడవలు లాగి పెట్టిన చోటి దాకా ఎక్కుతాయి.

నడిచేటప్పుడు ఎడమచేతి వైపు, అంటే సముద్రం మీద, అరగంటకోసారి చూపు వెయ్యి. గాలి ఉన్నట్టుండి పడిపోయి, ఆ వెంటనే చల్లటి విసురు తగిలితే వాన నిమిషాల్లో మీద పడుతుంది. మెరుపు కనబడగానే అంకెలు లెక్కపెట్టు. ముప్ఫై సెకన్ల లోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. అప్పుడు ఇసుక వదిలి ఊళ్లోకి నడవాలి, తుపాను షెల్టరో బడో చూసుకోవాలి. సరుగుడు చెట్ల కింద నిలబడొద్దు, పడవ పక్కన ముడుచుకుని కూర్చోవద్దు. చివరి ఉరుము తరవాత అరగంట ఆగి కదలండి. అందుకే ఊళ్లోకి దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే మ్యాపులో గుర్తు పెట్టుకో. మార్కండి, రామాయపట్నం లాంటి ఊళ్లలో మన తెలుగు జాలర్లే ఉన్నారు, దారి అడిగితే చెబుతారు. అడ్డదారి అని మొగలి పొదల్లో పడితే ఆ ఆకుల అంచు ముళ్లకు కాళ్లు గీరుకుపోతాయి.

అలివి వల, అంటే ఒడ్డు నుంచి తాళ్లతో లాగే పెద్ద వల, లాగుతున్న చోట తాడు దాటకు. బిగిసిన తాడు ఒక్క కుదుపుకు మోకాలి ఎత్తు లేస్తుంది. లాగేవాళ్ల వెనక నుంచి, ఊరి వైపుగా తిరిగి వెళ్లు. వల దులిపిన చోట జెల్ల చేపలు పారేసి ఉంటాయి. ఎండి ఇసుకలో కూరుకుపోయినా వాటి ముల్లు నిలువుగానే ఉంటుంది, చెప్పు అడుగును కూడా చీల్చుకుని వస్తుంది. కాబట్టి వట్టి కాళ్లతో నడవడం ఎంత హాయిగా ఉన్నా వద్దు. ముల్లు గుచ్చుకుంటే గాయం కడిగి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఆ తరవాత డాక్టరుకు చూపించాలి. సముద్రం ఒడ్డును కోసేసిన చోట్ల కూలిన గోడల ముక్కలు, చువ్వలు తేలి ఉంటాయి. అక్కడ నీటి అంచున నడవకండి.

తడిసినా నీళ్లు వెంటనే కారిపోయే జాలీ బూట్లు, రెండు జతల మేజోళ్లు చాలు. మడమకు పొద్దున్నే టేపు వెయ్యి, బొబ్బ లేచాక వేస్తే లాభం లేదు. తొడల మధ్య వేసలైన్ రాసుకో. ఉప్పూ ఇసుకా చేరి ఒరిస్తే పది కిలోమీటర్లకే నడక ఆగిపోతుంది. ఒడ్డు వాలు వల్ల రోజంతా ఎడమకాలు పల్లంలో పడుతుంది, సాయంత్రానికి తుంటి పట్టేస్తుంది. గంటకోసారి పైకెక్కి పది నిమిషాలు చదును మీద నడవండి.

మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు. సముద్రపు గాలికి చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసే దాకా ఆగకూడదు. మధ్యాహ్నానికి పులిహోర నిలుస్తుంది, పెరుగన్నం పులిసిపోతుంది. గొడుగు దండగ, గాలికి తిరగబడుతుంది. రెయిన్‌కోటు, ఫోనుకు జిప్పు కవరు, ఒక పొడి చొక్కా ఉండాలి.

పదకొండింటికి సగం దారి దాటకపోతే దగ్గరి ఊళ్లోకి వెళ్లి ఆటో ఎక్కండి. నవంబరులో అయిదుంబావుకల్లా పొద్దు గూకుతుంది. సోనాపూర్ చేరాక బాహుదా నది మొగ, అంటే అది సముద్రంలో కలిసే చోటు, మోకాలి లోతే అనిపించినా నడిచి దాటొద్దు. ఎగువన వాన పడితే ఇసుక దిబ్బ రాత్రికి రాత్రి మారిపోతుంది, పాటు వేళ ప్రవాహం మనిషిని నేరుగా సముద్రంలోకి లాగేస్తుంది. అవతలికి వెళ్లాలంటే అక్కడి పడవ వాళ్లనే అడగండి. లేదంటే ఇచ్ఛాపురం స్టేషనుకు ఆటో ముందురోజే మాట్లాడుకుని, మూడింటికల్లా వచ్చి ఉండమను.