పండగంటే కోపమొచ్చే అమ్మ

ప్రశ్న: మాది గుంటూరు, లూథరన్ సంఘం. డిసెంబరు వస్తోందంటే గుబులు. నెలంతా బట్టలు, సున్నాలు, పిండివంటలు, చుట్టాలు. పోయినేడాది చీటీ డబ్బు చాలక 40 వేలు అప్పు చేశాం, మొన్న దసరాకి తీరింది. 24 రాత్రి ఆరాధనలో కూర్చునే నిద్రపోయాను. మా పన్నెండేళ్ల పాప "క్రిస్మస్ అంటే నీకు కోపమొచ్చే పండగ కదమ్మా" అంది. ఈసారైనా భక్తిగా జరుపుకోవాలని ఉంది. మావారు, అత్తగారు ఒప్పుకుంటారా?

జవాబు: పాప మాటకు నొచ్చుకోకండమ్మా, పిల్లలు చూసిందే అంటారు. తెల్లవారుజామునే అరిసెల పాకం దగ్గర నిలబడ్డ మనిషికి రాత్రి పదకొండింటికి కునుకు పట్టకపోతేనే వింత. మీకు తక్కువైంది నిద్రేగానీ భక్తి కాదు.

ఇప్పుడే రాయడం మంచిదైంది. డిసెంబరులో ఏ భార్యాభర్తలూ డబ్బు గురించి చల్లగా మాట్లాడుకోలేరు. పోయినేడాది ఖర్చులన్నీ ఓ కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన, అది లేకపోతే ఎవరు ఏమనుకుంటారో కూడా రాయండి. చాలావాటి పక్కన "ఎదురింటివాళ్లు" అనే వస్తుంది. వాటిని కొట్టేయండి. లేనివాళ్లకు ఇవ్వదలచింది మాత్రం ముందే కవర్లో పెట్టేయండి. మిగిలితే ఇద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు.

అరిసెలు, గులాబీ పువ్వులు గాలి తగలని డబ్బాలో నిలవుండేవే. 20వ తేదీకల్లా మూకుడు దించేయండి. చెప్పకుండా తగ్గిస్తే అత్తగారు ఒప్పుకోరు, నిజమే. "అత్తయ్యా, మీ చిన్నప్పుడు క్రిస్మస్ ఎలా చేసేవాళ్లు?" అని అడిగి చూడండి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. ఆ తరంలో చాలామందికి ఏడాదికి ఒకే కొత్త జత. ఆ కథలు మొదలయ్యాక ఖర్చు తగ్గించే మాట ఆవిడ నోటినుంచే రావచ్చు.

ఆగమన కాలం మీ సంఘానికి కొత్తేమీ కాదు, క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు. కొవ్వొత్తుల వలయం కూడా మీవాళ్లదే. 1839లో హాంబర్గ్‌లో విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు, పండగెప్పుడని రోజూ వేధించే ఆశ్రమం పిల్లల కోసం పాత బండిచక్రానికి కొవ్వొత్తులు పెట్టి రోజుకొకటి వెలిగించాడని చెబుతారు. మీకు స్టీలు పళ్లెంలో నాలుగు చాలు, వారానికొకటి.

లూకా సువార్తకు 24 అధ్యాయాలు. డిసెంబరు 1 నుంచి రాత్రికొకటి, పాప చేత చదివించండి. మొదటిదే 80 వచనాలు, కాబట్టి అన్నాలయ్యాక మొదలుపెట్టకండి, ఆవలింతలొస్తాయి. జనన కథ రెండో తేదీకే వచ్చేస్తుంది, 24 నాటికి ఖాళీ సమాధి దగ్గరకు చేరతారు. నాకైతే అదే నచ్చుతుంది: ఆ పసివాడు ఎవరో తెలుసుకుని పశువుల తొట్టి దగ్గరకు వెళ్తారు. మధ్యలో రెండు రాత్రులు తప్పితే ఆగినచోటే అందుకోండి. లెక్క సరిచేయాలని పరుగెత్తితే అదీ మరో పిండివంటే అయిపోతుంది.

24 మధ్యాహ్నం రెండు గంటలు తలుపేసుకుని పడుకోండి. చుట్టాలొస్తే మీవారు టీ పెడతారు. ఆ సంగతీ ఆ కాగితంలోనే రాసి, ఈ ఆదివారం గుడి నుంచి వచ్చి, భోజనం చేశాకే ఆయన ముందు పెట్టండి. ఆకలి మీద మాత్రం వద్దు.