పదకొండు మందితో పండుగ

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. పరాయి దేశంలో మీరు పదకొండు మంది పోగయ్యారని, వచ్చే ఏడాది బైబిలులో చెప్పిన పండుగలన్నీ అక్కడే కలిసి ఆచరిస్తారని చదివి సంతోషించాను. హాలు దొరకలేదనీ, పాటలకు వాయిద్యం లేదనీ దిగులుపడ్డావు. ఆ రెండూ లేకుండానే నేను చాలా పండుగలు గడిపాను. మూడు వందల మంది సంఘంలో ముగ్గురు రాకపోతే ఎవరికీ తెలియదు. మీలో ముగ్గురు రాకపోతే పాటే సన్నబడిపోతుంది. అందుకని నీ శ్రద్ధంతా మనుషులు రాగలగడం మీద పెట్టు.

ముందుగా సెలవులు. 2026లో పులియని రొట్టెల మొదటి దినం ఏప్రిల్ 2 గురువారం, చివరి దినం ఏప్రిల్ 8 బుధవారం. పెంతెకొస్తు మే 24, అది ఎలాగూ ఆదివారమే. బూరల పండుగ సెప్టెంబరు 12 శనివారం. ప్రాయశ్చిత్త దినం సెప్టెంబరు 21 సోమవారం. పర్ణశాలల పండుగ సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 2 వరకు, ఎనిమిదవ దినం అక్టోబరు 3. శని, ఆదివారాలు సెలవుండే దేశమైతే ఏడాది మొత్తానికి అడగవలసింది ఎనిమిది పనిదినాలు. ఈ తేదీలు ఒక కాగితం మీద రాసి జనవరిలోనే అందరి చేతా పై అధికారికి ఇప్పించు. ఆ రోజుల పని ఎప్పుడు పూర్తి చేసేదీ, ఎవరికి అప్పగించేదీ అదే కాగితంలో ఉండాలి. జ్వరమని చెప్పి ఎవరూ సెలవు పెట్టకూడదు. మా దగ్గర ఒకతను అలా పెట్టాడు. పండుగ ఫోటోలో నవ్వుతూ నిలబడి దొరికిపోయాడు. ఆ మరుసటి ఏడాది నిజం చెప్పి అడిగినవాళ్లకు కూడా సెలవు రావడం కష్టమైంది.

ఇళ్లలో కూడుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుతుందో లేదో కనుక్కో. పదిమంది పాడుకుంటే పట్టించుకోని దేశాలున్నాయి, అనుమతి లేనిదే కుదరని దేశాలూ ఉన్నాయి.

ఇక తేదీల చిక్కు. దీనిలో నేనే పడ్డాను కాబట్టి వివరంగా రాస్తున్నాను. మన దినం ముందురోజు అస్తమయంతో మొదలవుతుంది. 2026లో నీసాను, అంటే హెబ్రీ క్యాలెండరులో మొదటి నెల, 14వ తేదీ ఏప్రిల్ 1, బుధవారం. అంటే పస్కాకు, ప్రభువు జ్ఞాపకార్థ భోజనానికి మీరు కూర్చోవలసింది మార్చి 31, మంగళవారం అస్తమయం తర్వాత. చాలా క్యాలెండర్లలో పస్కా అని ఏప్రిల్ 2 దగ్గర అచ్చవుతుంది. అది నీసాను 15. ఒక ఏడాది నేను ‘పస్కా నీసాను 14, సోమవారం’ అని మాత్రం అందరికీ పంపి ఊరుకున్నాను. మేము ఆదివారం రాత్రి ఒకరి పాదాలు ఒకరు కడిగి రొట్టె విరిచాం. ఒక కుటుంబం రాలేదు, ఆరోగ్యం బాగాలేదేమో అనుకున్నాం. సోమవారం సాయంత్రం, నిర్గమకాండము 12:42ను బట్టి ఇశ్రాయేలీయులు ఐగుప్తు విడిచిన రాత్రిని ఆచరిస్తూ అందరం భోజనానికి కూర్చుని ఉండగా వాళ్లు తలుపు తట్టారు. ఆ ఇంటావిడ సంచిలో మడత నలగని రెండు తెల్లని తువ్వాళ్లు. లోపల భోజనాల బల్ల చూసి ఆ సంచిని వెనక్కి పెట్టుకుంది. ఆ రోజు నా గొంతు దిగిన ముద్ద లేదు.

దూర ప్రయాణంలో ఉండి పస్కా తప్పినవారు రెండవ నెల 14న ఆచరించవచ్చని సంఖ్యాకాండము 9లో ఉంది కదా. తేదీ తప్పు చెప్పినవాడిని నేను, శిక్ష వాళ్లకెందుకని ఆ వెసులుబాటు వాళ్లకూ చెల్లుతుందని తీసుకున్నాను. నెల తిరిగాక వాళ్లిద్దరు, నేను, నా భార్య నలుగురమే కూర్చున్నాం. అప్పుడు ఆ తువ్వాళ్లు వాడాం. నువ్వు మాత్రం వారం, తేదీ, గంట, ‘సాయంత్రం’ అన్న మాటతో సహా రాసి పంపు. ప్రతి ఒక్కరి చేతా తిరిగి చెప్పించుకో.

అస్తమయాలు మీరున్న ఊరివే చూడు. పస్కాకూ, పర్ణశాలలకూ పెద్ద తేడా ఉండదు. విషువత్తుకు దగ్గరి రోజులు కాబట్టి దాదాపు ఎక్కడైనా పగలూ రాత్రీ ఇంచుమించు సమానం. పెంతెకొస్తు సంగతి వేరు. బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో ఆ రోజుల్లో రాత్రి పదైనా వెలుతురు పోదు. పిల్లలున్న ఇళ్లు ఆ రాత్రి కూడిక పెట్టుకోకుండా మరునాటి ఉదయం కలవడం మేలు.

పాదాలు కడిగేటప్పుడు రెండు గిన్నెలు, గోరువెచ్చని నీళ్లు, మనిషికో తువ్వాలు. నీళ్లు ముందే కాచి ఫ్లాస్కులో పోసి ఉంచు. మోకాళ్లు వంగని పెద్దవారుంటే వాళ్లకు ఎత్తుపీట వేసి గిన్నెను స్టూలు మీద పెట్టు. వారు కడిగించుకోవడమే కాదు, కడగాలని కూడా కోరుకుంటారు. ఆ సంగతి మేము ఆలస్యంగా గ్రహించాం.

పులియని రొట్టెల పండుగకు ముందు ఇంట్లోని పులిసినదాన్ని తీసివేసేటప్పుడు టోస్టరును తలకిందులు చేసి దులపమని చెప్పు, అందరూ మరిచేది దాన్నే. అంతకు మించి ఒకరి వంటింట్లోకి ఇంకొకరు తొంగిచూడవద్దు.

ప్రాయశ్చిత్త దినాన గర్భిణులు, మధుమేహం ఉన్నవారు, మందులు మానలేనివారు ఉపవాసం విషయం వైద్యుడితో మాట్లాడుకోవాలి. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో నువ్వు అడగకు.

పర్ణశాలల ఎనిమిది రోజులూ నువ్వే ప్రసంగిస్తే నాలుగో రోజుకే నువ్వు అలిసిపోతావు, వాళ్లు నీకంటే ముందే అలిసిపోతారు. వాక్యం చదవడం ఒకరికి, పాటల ఎంపిక ఒకరికి, ఆ ఏడాది తమను దేవుడు ఎలా నడిపించాడో చెప్పడం రోజుకు ఒకరికి అప్పగించు. పిల్లల చేత నెహెమ్యా 8వ అధ్యాయం చదివించు. కొమ్మలు తెచ్చి ఇంటి మిద్దెల మీద పర్ణశాలలు కట్టుకున్న సంగతి అందులో ఉంది, వాళ్లకు నచ్చుతుంది. అదే అధ్యాయంలో ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు పంపమని కూడా ఉంది. రాలేకపోయిన మనిషి ఇంటికి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు భోజనం పట్టుకుని వెళ్లాలి. ఫోనులో పలకరించి ఊరుకోవద్దు.

తేదీల కాగితం రాశాక నాకు ఒకటి పంపు. అస్తమయాలు నేనూ ఒకసారి సరిచూస్తాను. మరదలికీ పిల్లలకీ మా వందనాలు చెప్పు.

నీ అన్న