పేపర్ల సంఖ్య చూసి మోసపోకుండా...

ప్రశ్న: సైకియాట్రీ ఎండీలో చేరాను. గైడ్‌గా అడుగుదామనుకుంటున్న ప్రొఫెసర్ గారి బయోడేటాలో 140 పేపర్లని ఉంది. వ్యాసాలు వెతికే సైట్లలో చూస్తే పబ్‌మెడ్‌లో 38, గూగుల్ స్కాలర్‌లో 210 కనిపిస్తున్నాయి. ఏది నిజం?
– పీజీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఆయన అబద్ధం రాశారని అప్పుడే అనుకోకండి. గూగుల్ స్కాలర్ కాన్ఫరెన్స్ సంక్షిప్తాలనూ, పుస్తకాల్లోని అధ్యాయాలనూ కలిపేస్తుంది. అదే పేరున్న వేరే డాక్టర్ల వ్యాసాలూ ఆ ఖాతాలో పడుతుంటాయి. పబ్‌మెడ్ ప్రధానంగా వైద్య, జీవశాస్త్ర పత్రికలకు పరిమితం. సైకాలజీ, సామాజిక శాస్త్రాల పత్రికలు చాలావరకు అందులో దొరకవు.

38 మాత్రమే రావడానికి మన పేర్లు కూడా కారణం కావచ్చు. మాటవరసకు పి.వి. రమణారావు ఒక పత్రికలో ‘రమణారావు పీవీ’, మరో పత్రికలో ‘రావు పీవీఆర్’. ఇంటిపేరు విప్పి రాస్తే మూడో మనిషి! ప్రతి రూపాన్నీ విడివిడిగా టైపు చేసి, దాని వెనకే స్క్వేర్ బ్రాకెట్లలో ‘ఏయూ’ అన్న ఇంగ్లీషు అక్షరాలు పెట్టి వెతకండి. కాలేజీ పేరుతో వడగడితే పాత వ్యాసాలు జారిపోతాయి, ఎందుకంటే 2014కు ముందు పబ్‌మెడ్ సాధారణంగా మొదటి రచయిత సంస్థను మాత్రమే నమోదు చేసేది. ఆయనకు 16 అంకెల ఆర్కిడ్ నంబరు (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) ఉంటే పని సులువే. కానీ ఆ నంబరు కింద ఉండే వ్యాసాల జాబితా నింపేది సాధారణంగా ఆయనే కాబట్టి నాలుగైదు వ్యాసాలైనా తెరిచి సరిచూసుకోండి.

అసలు చూడాల్సింది మొత్తం కాదు. ఎడిటర్‌కు లేఖలు, ఒక్కో రోగి గురించిన కేస్ రిపోర్టులు సైకియాట్రీలో బోలెడు వస్తాయి. వాటిని పక్కన పెట్టి లెక్కించండి. తర్వాత పేర్ల వరస. వైద్య పత్రికల్లో సాధారణంగా మొదటి పేరు పని మోసినవాళ్లది, చివరిది నడిపించినవాళ్లది. గత ఐదేళ్లలో ఆయన పేరు చివర ఉండి, మొదటి పేరు పీజీలదైన వ్యాసాలు ఎన్ని? మీకు పనికొచ్చే అంకె ఇదొక్కటే అంటాను. 38లో అలాంటివి పది ఉన్న గైడ్, 140లో ఒక్కటీ లేని గైడ్ కన్నా నయం.

మందుల ట్రయల్స్ ఉంటే సీటీఆర్ఐ (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరుతో ఆ రిజిస్ట్రీ తెరవండి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే అక్కడ నమోదు కావాలి. ముందు రాసుకున్న ప్రధాన ఫలితం ఒకటి, పేపర్‌లో చూపింది మరొకటి అయితే అనుమానించాల్సిందే.

ప్రశ్న: హెచ్-ఇండెక్స్ 41 అంటే గొప్పేనా?
– లెక్చరర్, వరంగల్

జవాబు: కనీసం 41 సార్లు ఉదహరించబడిన వ్యాసాలు 41 ఉన్నాయని అర్థం. భౌతికశాస్త్రజ్ఞుడు హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలత పేర్ల వరసను పట్టించుకోదు. 2014లో ‘నేచర్’లో వచ్చిన స్కిజోఫ్రీనియా జన్యు అధ్యయనంలో దాదాపు 37,000 మంది రోగుల సమాచారం ఉంది, పాల్గొన్న పరిశోధకులు వందల్లో. అలాంటి సామూహిక వ్యాసాలు పాతిక ఉంటే చాలు, సొంతంగా రాసింది కొంచెమే అయినా ఇండెక్స్ ఎగబాకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి డిప్రెషన్‌కు, ఎక్కువ పేపర్లున్న డాక్టర్ దగ్గరికే వెళ్లాలా?
– ఒక తండ్రి, ఏలూరు

జవాబు: అక్కర్లేదు. పరిశోధన వేరు, వైద్యం వేరు. పైగా పేరున్నంత మాత్రాన రాసింది వాళ్లేనని కాదు. కౌమార వయసువారి డిప్రెషన్‌కు ప్యారోక్సిటిన్ అనే మందు పనిచేస్తుందని అమెరికాలో 2001లో వచ్చిన ‘స్టడీ 329’ మీద 22 మంది పేర్లున్నాయి. చిత్తుప్రతి తయారుచేసింది మాత్రం కంపెనీ డబ్బిచ్చి పెట్టుకున్న రచయిత్రి. 275 మంది పిల్లల ఆ సమాచారాన్నే 2015లో స్వతంత్ర బృందం తిరగదోడితే మందు డమ్మీ మాత్ర కన్నా మెరుగు కాదనీ, ఆత్మహత్య ఆలోచనలు, ప్రవర్తన పెరిగాయనీ తేలింది. కాబట్టి పేపర్ల లెక్క వదిలేసి, డాక్టర్ మీ అబ్బాయితో విడిగా మాట్లాడతారా, మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో మళ్లీ రమ్మంటారా, ఆత్మహత్య మాటలు వినిపిస్తే వెంటనే ఏం చేయాలో చెబుతారా అన్నవి అడిగి చూడండి.